మా తమ్ముడు రాసుకున్న హాబీ

మా తమ్ముడు ఉమాశంకర్ ఐదేళ్ళుగా ఢిల్లీలో ఉండి చూసిందేమిటయ్యా అంటే, వసంత్ కుంజ్ పక్కన మేం అద్దెకుంటున్న వాటా, ఒక లైబ్రరీ, ఒక జిరాక్స్ కొట్టు. మా మేడ ఎక్కితే కుతుబ్ మినార్ కనిపిస్తుంది. అది కూడా నేను వాడి తలకాయ పట్టుకుని అటు తిప్పితే చూశాడు. అలాంటి మహానుభావుడు సివిల్స్ దరఖాస్తులో హాబీ దగ్గర ఏం రాశాడో తెలుసా? "పేరున్న కంపెనీల ఫ్యాక్టరీలు, బ్రాండ్ మ్యూజియాలు కారులో తిరిగి చూడటం."

ఈ ఘనకార్యం ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక గానీ నా దాకా రాలేదు. ఎందుకు రాశావురా అంటే, లైబ్రరీలో ఎవడో సీనియర్ చెప్పాడట. వంట, పేపర్లు చదవడం, బ్యాడ్మింటన్ అని రాసినవాళ్ళను ఇంటర్వ్యూ బోర్డువాళ్ళు ప్రశ్నలతో నమిలేస్తారట. వాళ్ళకే తెలియనిది రాస్తే అడగడానికేమీ దొరక్క వదిలేస్తారట. యూట్యూబ్‌లో ఏదో వీడియో పేరు కనిపిస్తే మావాడు దాన్నే దించేశాడు. వాణ్ణి అనాలా, వాడికి సలహా ఇచ్చినవాణ్ణి అనాలా?

రాసింది ఇక మార్చే వీల్లేదు. ఇంటర్వ్యూ మూడు వారాల్లో ఉంది. వాడికిదే ఆఖరి ప్రయత్నం, ఈసారి పోతే మళ్ళీ రాయనివ్వరు. సాకేత్‌లో సదాశివరావు గారని పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఆయన ఉన్నారు. మన తెలుగు పిల్లలకు ఇంట్లోనే ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసి పెడతారు. మా ఆఫీసు ఆ పక్క వీధే కాబట్టి ఆ సాయంత్రం నేనూ వెళ్ళి ఓ మూల కూర్చున్నాను.

"బిస్కెట్ ఫ్యాక్టరీ చూశారా?" అని అడిగారాయన.

"చూశాను సార్. మన దేశంలో బిస్కెట్ల మార్కెట్ విలువ..."

"విలువ సంగతి నేనడగలేదు. లోపల అడుగు పెట్టగానే ఏం కనిపించింది?"

మావాడు నిటారుగా కూర్చుని, "బిస్కెట్లు సార్," అన్నాడు.

సదాశివరావు గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "చూడు బాబూ, తెలియదంటే బోర్డువాళ్ళేమీ అనుకోరు. అబద్ధమాడుతున్నావని పసిగడితే మాత్రం మార్కులు కోసి పారేస్తారు. ఇవాళ నేను ఒక్క ప్రశ్నకే పసిగట్టాను. వెళ్ళి చూసైనా రా, లేదంటే ఈ ఉద్యోగం మీద ఆశైనా వదులుకో," అన్నారు.

కారెక్కగానే మావాడు ఏడ్చాడు. ముప్పై దాటిన మగాడు అలా ముక్కు చీదుకుంటూ ఏడుస్తుంటే నాకు జాలేసింది. జాలి వేస్తే నాకు కోపం వస్తుంది, అది నా తత్వం.

"నోరు ముయ్యి," అన్నాను. "గురువారం బయలుదేరుతున్నాం."

"ఎక్కడికక్కా?"

"నీ హాబీకి!"

నేను ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు చూస్తాను. గోడౌను తగలబడిందని ఎవరైనా రాసుకొస్తే నిజంగా తగలబడిందా, ఎటువైపు నుంచి తగలబడిందని ప్రాణం తోడేసే ఉద్యోగం. ఆఫీసులో నన్ను చూస్తే ఏజెంట్లు పక్క సందులోంచి పోతారు. ఫ్యాక్టరీలతో నాకేం పని? తోడబుట్టినవాడి కోసం సెలవు పెట్టాను.

మొదటి రోజు మానేసర్‌లో కార్ల ఫ్యాక్టరీకి వెళ్ళాం. మనం డబ్బులు పోసి కొనే కార్లే కదా, ఎలా తయారవుతాయో చూస్తామంటే కాదంటారా అని నా ధీమా. గేటు దగ్గర సెక్యూరిటీ అతను కారు ఆపాడు.

"మేడమ్, అపాయింట్‌మెంట్?"

"అపాయింట్‌మెంట్ ఏంటి భయ్యా? చూసి వెళ్ళిపోతాం. ఏమీ ముట్టుకోం."

"లెటర్ లేకుండా కుదరదు దీదీ."

నేను ఊరుకుంటానా? లోపల ఎవరికి ఫోన్ చేయాలి, ఆ లెటర్ ఎవరిస్తారు, ఎన్నాళ్ళకిస్తారు అని వరసపెట్టి అడిగాను. పాపం అతను ఓపిగ్గా అంతా విని, "దీదీ, నాలుగేళ్ళుగా ఇక్కడ డ్యూటీ చేస్తున్నా. నేనే లోపల చూడలేదు," అన్నాడు. కారు వెనక్కి తిప్పాను. పక్కన మావాడు ఫోన్‌లో ఏదో రాసుకుంటున్నాడు. ఏంటా అని తొంగి చూస్తే, "సవాళ్ళు: ప్రవేశానికి ముందస్తు అనుమతి తప్పనిసరి. పరిష్కార మార్గాలు:" అని రాసి ఆలోచిస్తున్నాడు. ఈ సివిల్స్ పిల్లలు పెళ్ళికెళ్ళినా సవాళ్ళు, పరిష్కార మార్గాలే రాసుకుంటారేమో!

ఆ రాత్రి మా కింది వాటాలో ఉండే జాన్‌బాబు అంకుల్‌కు సంగతి చెప్పాను. వాళ్ళది బాపట్ల. ఆంటీ సరళకుమారి గారు హాస్పిటల్లో నర్సు. అంకుల్ ఫరీదాబాద్‌లో పవన్‌రేఖ ఫ్యాన్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, పైగా చర్చిలో పెద్ద. ఆయన అంతా విని మోకాలు చరుచుకున్నారు.

"ఈ మాట ముందే చెప్పొద్దంటమ్మా? రేపు మా ఫ్యాక్టరీకి ఇస్కూలు పిల్లకాయలొస్తన్నారు. వాళ్ళ లైన్లో మిమ్మల్నీ నిలబెట్టేత్తాను. బిస్కెట్ల కంపెనీలో మా చర్చి బ్రదర్ ఒకాయనున్నాడు. ఆ సంగతి కూడా నాకొదిలెయ్యి."

మర్నాడు పొద్దున్నే అంకుల్ మా కారెక్కారు. తాళం తిప్పబోతుంటే, "ఆగమ్మా, ప్రార్థన చేసుకుని ఎల్దాం," అని కళ్ళు మూసుకున్నారు. మేమూ మూసుకున్నాం. "పరలోకమందున్న మా తండ్రీ, ఈ బిడ్డ చూడనివాటిని చూచితినని వ్రాసియున్నాడు. నీవు అతనిని క్షమించి, పోయి చూచునట్లు కృప దయచేయుము. ఈ సహోదరి కారు నడుపుచున్నది, ఆమె కోపమును అణచుము," అని మొదలుపెట్టి, బదర్‌పూర్ ట్రాఫిక్‌ను, ఫ్యాక్టరీ యాజమాన్యాన్ని, స్కూలు పిల్లల్ని పేరుపేరునా దేవుడికి అప్పగించి గానీ ఆమేన్ అనలేదు. నా కోపం గురించి దేవుడికి చెప్పాల్సిన అవసరమేంటో నాకర్థం కాలేదు. అయినా పెద్దాయన, ఊరుకున్నాను.

వచ్చింది నాలుగో తరగతి పిల్లలు. అందరికీ తలకు కాయితం టోపీలు పెట్టి, ఇద్దరిద్దరిని చేతులు పట్టుకోమన్నారు. మా తమ్ముడికి ఒక బొద్దు పిల్ల జత పడింది. ఆ పిల్ల వాడి చెయ్యి పట్టుకుని పైకి చూసి, "అంకుల్, మీరు ఫెయిలయ్యారా?" అని అడిగింది. నేను పగలబడి నవ్వాను. వాడు నవ్వలేదు.

లోపల రాగి తీగ చుట్టే దగ్గర ఒకావిడ మెషీను మీద చకచకా పని చేస్తోంది. పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, మావాడు ముందుకెళ్ళి హిందీలో, "ప్రభుత్వ ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం వల్ల మీ జీవితంలో వచ్చిన మార్పులేమిటి?" అని అడిగాడు. ఆవిడ హడలిపోయి మెషీను ఆపేసి, "సాబ్, ఇన్‌స్పెక్షనా?" అంది. జాన్‌బాబు అంకుల్ పరిగెత్తుకొచ్చి సర్దిచెప్పారు. మావాడు గోడ మీద బోర్డులకు ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఫోన్ లాక్కుని నా సంచీలో పడేశాను.

"కళ్ళు పెట్టి చూడరా! బోర్డు మీద రాసింది ఇంటికెళ్ళినా దొరుకుతుంది."

"ఏం చూడాలక్కా?"

"నాకేం తెలుసు? అదిగో, ఆ రెక్కలు చూడు. తూకం వేసి మరీ మూడేసి కట్ట కడుతున్నారు. ఎందుకట?"

వాడికి తెలియదు. నేనే వెళ్ళి అడిగాను. ఒక ఫ్యాన్‌కు వేసే మూడు రెక్కలూ సరిసమానంగా తూగాలట. ఒకటి కాస్త బరువెక్కినా ఫ్యాన్ ఊగుతుందట. అందుకని సరిపోయిన మూడింటిని ఏరి ఒక జట్టు చేస్తారు.

"మరి ఒక రెక్క వంగితే?" అన్నాను.

"మూడూ మార్చాలి మేడమ్. వేరే జట్టులోది తెచ్చి తగిలిస్తే కుదరదు."

అదీ సంగతి! మా ఇంటి ఓనరు విరిగిన రెక్క ఒక్కటీ మార్చి, మిగతా రెండూ భేషుగ్గా ఉన్నాయన్నాడు. రెండేళ్ళుగా నా మంచం మీద ఆ ఫ్యాన్ ఊగుతూనే ఉంది, ఎప్పుడు ఊడిపడుతుందోనని నేను గోడకు అంటుకుని పడుకుంటున్నాను. అక్కడికక్కడే ఓనరుకు ఫోన్ చేసి కడిగేద్దామనుకున్నాను. అంకుల్ చెయ్యి పట్టుకున్నారు. మరి ఆ తూకం ఎవరు సరిచూస్తారు, తేడా వచ్చినవాటిని ఏం చేస్తారు అని నేనడుగుతుండగానే స్కూలు టీచరు మా లైను మొత్తాన్ని ముందుకు తోసింది.

శనివారం బల్లభ్‌గఢ్ దాటాక గుల్‌బహార్ బిస్కెట్ల ఫ్యాక్టరీ. తిండి వస్తువులు కదా, గాజులు, ఉంగరాలు, జడపిన్నులు అన్నీ గేట్లోనే తీసెయ్యమన్నారు. తీశాను. ముక్కుపుడక కూడా అన్నారు. పదమూడో ఏట పెట్టిన ముక్కుపుడక, మర బిగుసుకుపోయి ఉంది, రమ్మంటే వస్తుందా? తీయనని నేను, తీయాల్సిందేనని వాళ్ళు. చివరికి సూపర్‌వైజరమ్మ వచ్చి నా ముక్కు మీద నీలం రంగు ప్లాస్టరు అంటించి, దాని మీద మాస్కు వేయించి రాజీ చేసింది. మావాడు నా మొహం చూసి పెదాలు బిగబట్టాడు. లోపలెక్కడో నవ్వు బతికే ఉందన్నమాట.

తలుపు తీయగానే వేడి గాలి కొట్టింది. దాంతోపాటు వెన్న, కాగిన చక్కెర కలిసిన వాసన. రైలుపెట్టెలు నాలుగు వరసగా తగిలించినంత పొయ్యి. ఒక కొసన పచ్చి పిండి బిళ్ళలు లోపలికెళ్తున్నాయి, రెండో కొసన ఎర్రగా కాలిన బిస్కెట్లు వస్తున్నాయి. బిస్కెట్‌కు ఆ చిల్లులెందుకని అడిగాను. ఆవిరి పోవడానికట, లేకపోతే పూరీలా పొంగుతుందట. ఆఖర్న, బిస్కెట్లలో లోహం ముక్కలుంటే పట్టే మెషీను ఉంది. నా జడపిన్నులు ఎందుకు తీయించారో అప్పుడర్థమైంది. నిజంగా పట్టుకుంటుందా, చూపించమన్నాను. సూపర్‌వైజరమ్మ ఇనప ముక్క ఉన్న పరీక్ష కార్డు ఒకటి బెల్టు మీద పెట్టింది. మెషీను కుయ్యిమని దాన్ని పక్కకు తోసేసింది. ఇంకోసారి చూపించమన్నాను. ఇంకోసారీ తోసేసింది.

ఇంతలో అవతల బెల్టు దగ్గర ఒకతను మావాడి చేతిలో అప్పుడే పొయ్యిలోంచి వచ్చిన బిస్కెట్ పెట్టాడు. వాడు కొరికి అలాగే నిలబడిపోయాడు.

"అక్కా, ఇలా రా! మెత్తగా ఉందే!"

"బిస్కెట్ మెత్తగా ఉండటమేంట్రా?"

"నిజంగా! కేకులా ఉంది. చల్లారాక గానీ గట్టిపడదట. ఇన్నేళ్ళుగా తింటున్నాం, ఇది పుట్టినప్పుడు మెత్తగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు!" అని నవ్వాడు. పళ్ళన్నీ కనిపించేలా, టోపీ వెనక్కి జారిపోయేలా నవ్వాడు. వాడలా నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో! నాకు మాస్కు లోపల కళ్ళనీళ్ళు కారి ప్లాస్టరు ఊడింది. సూపర్‌వైజరమ్మ పరిగెత్తుకొచ్చి ఇంకోటి అంటించింది.

ఆ తర్వాత వారం నోయిడాలో ఒక పాత టార్చిలైట్ల కంపెనీ మ్యూజియానికి వెళ్ళాం. చూపించడానికొచ్చిన ప్రీతి అనే అమ్మాయి బంగారం. నేను అడిగినవాటిలో సగానికి జవాబు చెప్పి, మిగతా సగానికి "మా సర్‌ను కనుక్కుని మెయిల్ చేస్తాను మేడమ్" అంది. బయటికొచ్చాక మావాడు, "ఇక చాలక్కా, చెప్పుకోడానికి సరిపడా చూశాం," అన్నాడు. చాలడమేంటి? ఇంటర్వ్యూ ఉన్నది వాడికి, కంగారు నాకు! సోనీపట్‌లో సైకిళ్ళ ఫ్యాక్టరీకి లెటర్ పెట్టాను, దానికీ తీసుకెళ్ళాను. పానిపట్ పచ్చళ్ళ ఫ్యాక్టరీకి కూడా పెట్టాను గానీ వాళ్ళు జవాబివ్వకుండా నాన్చారు.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. షాజహాన్ రోడ్డులో ఇంటర్వ్యూ జరిగే ఆఫీసు గేటు బయట చెట్టు కింద నిలబడ్డాను. మావాడు బయటికొచ్చేసరికి టై జేబులో ఉంది, మొహం మాత్రం తేటగా ఉంది. టీ బండి దగ్గరికి లాక్కెళ్ళాను.

"హాబీ అడిగారా?"

"అడిగారు. ఫ్యాన్ రెక్కల సంగతి చెప్పాను. బోర్డులో ఒక మేడమ్ ఉన్నారు, ఆవిడకు భలే నచ్చింది. ఈ ప్రశ్న మీకెలా తట్టిందన్నారు. మా అక్క అడిగింది మేడమ్ అన్నాను."

"ఊ."

"బిస్కెట్ చిల్లుల గురించి చెప్పాను. అది కూడా మా అక్కే అడిగిందన్నాను. లోహం మెషీను సంగతి చెప్పాను. అది కూడా..."

"ఒరేయ్!"

"సైకిళ్ళ దగ్గరికొచ్చేసరికి ఛైర్మన్ గారు నవ్వేశారక్కా. ఇంతకీ ఈ హాబీ మీదా, మీ అక్కగారిదా అన్నారు."

"నువ్వేమన్నావ్?"

"మా అక్కదే సార్ అన్నాను." టీ గ్లాసు పక్కన పెట్టాడు. "అది రాసేనాటికి నేనొక్క ఫ్యాక్టరీ కూడా చూడలేదు సార్, ప్రశ్నలు తప్పించుకోవచ్చని రాశాను, దొరికిపోతానని భయపడుతుంటే మా అక్క సెలవు పెట్టి తిప్పింది అని చెప్పేశాను."

"నీకు మతుందట్రా? ఐదేళ్ళ కష్టం తీసుకెళ్ళి యమునలో కలిపావు కదరా! అన్నీ చూశావుగా, చూశానని చెప్పి ఊరుకోవచ్చుగా! ఎవడడిగాడు నిన్ను మొదట్నుంచీ చెప్పమని?" అని టీ బండి అతను పొయ్యి తగ్గించి వినేంత గట్టిగా అరిచాను.

"చేతకాలేదక్కా. నిజంగా చూసినవి చెబుతుంటే హాయిగా ఉంది. మధ్యలో ఆ ఒక్క అబద్ధం అడ్డం వచ్చింది."

"మరి ఆ బోర్డు మేడమ్ ఏమంది?"

"ఆ బిస్కెట్ గట్టిపడటానికి ఎంతసేపు పడుతుందని అడిగారు."

"చెప్పావా?"

"తెలియదన్నాను. అది నువ్వడగలేదుగా!"

వారం రోజులు వాడితో సరిగా మాట్లాడలేదు. వండి పెట్టాను, గిన్నెలు మాత్రం గట్టిగా చప్పుడు చేస్తూ పెట్టాను. వాడి పని అయిపోయిందనే అనుకున్నాను. వాడిది ఆఖరి విడత ఇంటర్వ్యూ, ఫలితాలు ఏ రోజైనా రావచ్చు. ఆ ఎదురుచూపు తట్టుకోలేక వాడు మంచం మీద ముసుగు తన్నడం మొదలుపెట్టాడు.

ఇంతలో పానిపట్ వాళ్ళ జవాబు వచ్చింది. మంగళవారం రమ్మన్నారు. ఆఫీసులో ఇంట్లో పనుందని చెప్పాను. పొద్దున్నే బూట్లు వేసుకుంటుంటే వాడు ముసుగు తీసి చూశాడు.

"ఎక్కడికక్కా? ఇంటర్వ్యూ అయిపోయిందిగా?"

"అనుమతి అడిగి, తీరా ఇచ్చాక పోకపోతే మర్యాదగా ఉంటుందా? పైగా నీకూ కాస్త మనసు తేలికపడుతుంది."

"నా మనసు బాగానే ఉంది."

"నోర్మూసుకుని బూట్లేసుకో!"

గేటు దగ్గర ఫోన్లు ఇచ్చేయమన్నారు, ఇచ్చేసి లోపలికెళ్ళాం. మామిడికాయల రోజులు. పుల్లటి వాసనకే నోరూరింది. మనిషి ఎత్తు డ్రమ్ముల్లో ఉప్పేసిన ముక్కలు, అవతల ఆవనూనె. అంతా బాగానే ఉంది గానీ, మామిడికాయ పచ్చట్లో సోంపు వేస్తున్నారు! సోంపు! నేను ఆగలేక మేనేజరును నిలదీశాను. ఆయన కూడా తగ్గలేదు, సోంపు లేకుండా పచ్చడెలా అవుతుందని నన్నే ఎదురడిగాడు. మావాడు మధ్యలో నిలబడి ఇద్దరికీ ఒక్కో ముక్క రుచి చూపిస్తూ పంచాయితీ చేశాడు. మధ్యాహ్నం దాటింది కూడా తెలియలేదు.

బయటికొస్తే గేటు అతను నా ఫోన్ దూరంగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మేడమ్, దీనికేదో అయింది. ఆగకుండా మోగుతోంది," అన్నాడు. అమ్మ. గబుక్కున లాక్కుని ఎత్తాను.

"ఎక్కడ చచ్చారే ఇద్దరూ!" ఊళ్ళో నుంచి మా అమ్మ రాజేశ్వరమ్మ గొంతు పగిలిపోతోంది. "లిస్టులో మనవాడి పేరుందే! కేశవరావు మావయ్య కంప్యూటర్లో చూసి చెప్పాడు. ఇంటి నిండా జనం. మీ ఇద్దరి ఫోన్లూ ఎత్తి చావరేం?"

మావాడికి వినబడింది. గేటు అతని స్టూలు మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను వాడి వీపు మీద ఒక్కటి చరిచి, ఆ వీపునే కావలించుకుని వలవలా ఏడ్చేశాను. ఏం జరిగిందో తెలియక గేటు అతను మంచినీళ్ళ సీసా తెచ్చి, మా ఇద్దరిలో ఎవరికివ్వాలో తోచక నిలబడ్డాడు.

ఫోన్‌లో అమ్మ ఇంకా అరుస్తూనే ఉంది. "అసలెక్కడున్నారే?"

"పానిపట్‌లో అమ్మా. పచ్చళ్ళ ఫ్యాక్టరీ దగ్గర."

"పచ్చళ్ళు చూడ్డానికి అక్కడిదాకా పోవాలా? పరీక్షా అయిపోయింది, ఇంటర్వ్యూ అయిపోయింది. ఇంకా వాణ్ణి ఎందుకే ఆ ఫ్యాక్టరీలెంట ఈడుస్తావు?"

అనుమతి ఇచ్చారు కదా అందామనుకున్నాను. వాడి మనసు బాగుండాలని అందామనుకున్నాను. మావాడు తడి మొహం పైకెత్తి, నేనేం చెబుతానా అని చూస్తున్నాడు.

"నాకిష్టమమ్మా," అన్నాను.